కరణం కవిలె నుంచి కైఫియత్తు దాకా

కడప జిల్లా ఊళ్ల గురించి చేతిరాతలో మిగిలిన పాత రికార్డుల్లో మొదట చెప్పుకోవలసినవి కైఫియత్తులు. పందొమ్మిదో శతాబ్ది మొదటి ఇరవై ఏళ్లలో, కరణాల దగ్గరున్న లెక్కలూ ఊరి పెద్దలు చెప్పిన సంగతులూ గుళ్లలోని శాసనాలూ కలిపి, ఒక్కో ఊరికి ఒక్కో వివరణ రాయించారు. అడవి కొట్టి ఊరు కట్టినదెవరు, గుడి ఎవరి కాలం నాటిది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరి అనుభవంలో ఉంది, ఏ దొర ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు పోయాడు అన్నవన్నీ వీటిలో ఉంటాయి. కొన్ని రెండు మూడు పుటల్లో ముగుస్తాయి. గండికోట వంటి పెద్ద స్థలాలకైతే ఒక చిన్న పుస్తకమంత కథ నడుస్తుంది.

వీటిని చదవడం మామూలు పుస్తకం చదవడం లాంటిది కాదు. ఒకే కాగితం మీద పురాణం, శాసనం, పన్నుల లెక్క, కళ్లారా చూసిన యుద్ధం పక్కపక్కనే ఉంటాయి. ఏ వాక్యం ఏ మూలం నుంచి వచ్చిందో విడదీసుకుని, దేనికి తగిన విలువ దానికి ఇస్తేనే కైఫియత్తు చరిత్రకు పనికొస్తుంది.

రాతికి ఎక్కినవి, ఆకుకు ఎక్కినవి

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతంలో ఊరి వ్యవహారాన్ని రాసి ఉంచడం చాలా పాత అలవాటు. తొలి తెలుగు శాసనాల్లో ఎక్కువ భాగం దొరికింది ఇక్కడే. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనాన్ని సాధారణంగా క్రీ.శ. 575 ప్రాంతానిదిగా లెక్కిస్తారు. అదే మండలంలోని చిలమకూరు ఈనాడు నాపరాళ్లకూ సిమెంటుకూ పేరుపడింది గానీ, అక్కడి అగస్త్యేశ్వరాలయం, రేనాటి చోళుల నాటి శాసనం ఆ ఊరిని పన్నెండు వందల ఏళ్లకు పైగా వెనక్కి తీసుకెళ్తాయి. రేనాడు అని పిలిచిన ఈ నేలలో రాజు ఇచ్చిన దానం రాతికెక్కేది.

అయితే రాయి మీద ఊరి జీవితంలో ఒక్క పాయ మాత్రమే కనిపిస్తుంది. దానం ఇచ్చిన రోజు అక్కడ కనిపిస్తుంది. ఆ తర్వాత ఆ పొలం ఎవరు దున్నారు, ఎంత పండింది, ఎంత శిస్తు కట్టారు, ఏ కరువులో ఎవరు ఊరు విడిచారు అన్నవి రాతికెక్కవు. అవి కరణం కవిలెలో ఉండేవి.

కవిలె అంటే కరణం లెక్కల కట్ట. తాటాకుల మీద గంటంతో గీసి, చదవడానికి వీలుగా మసి పూసేవారు. రాయలసీమలో, కన్నడ సీమలో కడితం కూడా విరివిగా వాడారు. గుడ్డకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి పట్టించి, ఎండబెట్టి, మడతలు మడతలుగా పుస్తకంలా చేసి, బలపంతో రాసేవారు. నల్లటి గుడ్డ మీద తెల్లటి అక్షరాలు. తప్పు పడితే తుడిచి మళ్లీ రాయొచ్చు, పాత లెక్క అక్కరలేకపోతే చెరిపి మళ్లీ పూత పెట్టొచ్చు. కరణానికి ఇది ఎంత సౌకర్యమో చరిత్రకారుడికి అంత నష్టం. మనకు కావలసిన సంవత్సరపు లెక్క మీదే తర్వాతి సంవత్సరపు లెక్క రాసి ఉండొచ్చు.

ఏడాది లెక్కలు అలా పోయినా, తరాల పాటు దాచవలసిన సంగతులకు వేరే కట్ట ఉండేది. దానిని దండకవిలె అన్నారు. ఊరి పొలిమేరలు, మాన్యాలు, దేవుడి భూములు, పాలించిన దొరల వరుస, పెద్ద కరువులు, దండయాత్రలు దానిలో చేరేవి. తండ్రి రాసినదానికి కొడుకు కొనసాగింపు రాసేవాడు. ఆకు పాతబడితే కొత్త ఆకు మీదికి ఎత్తి రాసేవాడు. పొలిమేర తగాదా వచ్చినా, మాన్యం తగాదా వచ్చినా దండకవిలె తెచ్చి చూపాల్సిందే. కాబట్టి ఊరి చరిత్రను దాచుకోవడం కరణానికి సరదా కాదు, ఉద్యోగ ధర్మం. కైఫియత్తులకు వెన్నెముక ఈ దండకవిలెలే.

దత్తమండలాలకు వచ్చిన గుమస్తాలు

1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో కడప సీమ టిప్పు సుల్తాను చేతి నుంచి నిజాముకు పోయింది. 1800 అక్టోబరు 12న నిజాం దానిని బళ్లారి, అనంతపురం ప్రాంతాలతో కలిపి ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అలా ఇచ్చినవి కాబట్టే ఇవి దత్తమండలాలయ్యాయి. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు తామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. ఊరూరా భూమి కొలిపించి రైతువారీ పద్ధతి నిలబెట్టాడు. పాళెగాండ్లను అణిచాడు. కరణం లెక్కల్లో ఉన్నదెంత, దాచినదెంత అని ఆరా తీయడం ఆ కాలంలోనే గట్టిగా మొదలైంది.

కైఫియత్తులు రాయించినవాడు మన్రో కాదు. స్కాట్లండు పడమటి దీవుల్లోని స్టోర్నవే ఊరివాడు కాలిన్ మెకంజీ 1783లో మద్రాసుకు వచ్చాడు. టిప్పు పతనం తర్వాత మైసూరు సర్వే నడిపాడు. 1810లో మద్రాసు ప్రెసిడెన్సీకి సర్వేయరు జనరల్ అయ్యాడు. 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయరు జనరల్‌గా నియమితుడయ్యాడు. పటం గీయడంతో పాటు ఆ స్థలం చరిత్ర కూడా కూడబెట్టాలన్నది అతడి పట్టుదల. తెలుగు గానీ కన్నడం గానీ చదవగలిగినవాడు కాదు కాబట్టి, పని అంతా తన కింది తెలుగు, తమిళ, మరాఠీ గుమస్తాల మీద నడిచింది.

వాళ్లలో ముఖ్యులు ఏలూరు నియోగి కుటుంబానికి చెందిన కావలి సోదరులు. కావలి వెంకట బొర్రయ్య శాసనాల లిపులు పట్టుకోవడంలో దిట్ట. 1803లో ఇరవై ఏడేళ్లయినా నిండకుండానే చనిపోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య బాధ్యత తీసుకుని, ఊళ్లు తిరిగే గుమస్తాలకు పనులు పురమాయించి, వాళ్లు పంపినవి సర్ది మెకంజీకి చేర్చాడు. ఇంకో తమ్ముడు రామస్వామి తర్వాత ఇంగ్లీషులో పుస్తకాలు రాశాడు. నారాయణరావు, ఆనందరావు వంటి గుమస్తాలు ఊరూరా తిరిగి, తాము ఎక్కడున్నదీ ఎవరిని కలిసినదీ ఏ కాగితం సంపాదించినదీ ఎప్పటికప్పుడు రాసి పంపారు. ఈ నివేదికలు కైఫియత్తులంత విలువైనవి. ఒక కైఫియత్తు ఎలా పుట్టిందో చెప్పేవి అవే.

గుమస్తా ఊళ్లోకి వస్తే జనం మనసులో ఏముండేదో ఊహించడం కష్టం కాదు. మన్రో కొలతలు అప్పుడే ముగిశాయి. ఇప్పుడు మళ్లీ కంపెనీ మనిషి వచ్చి పాత కాగితాలు అడుగుతున్నాడంటే అది పన్ను కోసమో, మాన్యం లాక్కోవడానికో అని అనుమానించేవారు. కొందరు కరణాలు కవిలె లేదన్నారు. కొందరు యుద్ధాల్లో పోయిందన్నారు, అది చాలా చోట్ల నిజం కూడా. మరికొందరు తమకు మేలు చేసే మేరకే రాసిచ్చారు. మాన్యాలకు పాత రుజువు చూపగలిగితే ముందు ముందు పనికొస్తుందన్న ఆశ కైఫియత్తుల్లో పలుచోట్ల కనిపిస్తుంది. ఏ రాజు ఏ భూమి ఇచ్చాడో అంత పట్టుగా చెప్పడం వెనుక భక్తి ఒక్కటే లేదు.

కాగితాల ప్రయాణం

మెకంజీ 1821 మే 8న కలకత్తా దగ్గర చనిపోయాడు. అతడి భార్య నుంచి ప్రభుత్వం ఆ సేకరణ మొత్తాన్ని లక్ష రూపాయలకు కొన్నది. హొరేస్ హేమన్ విల్సన్ 1828లో దాని జాబితా అచ్చువేశాడు. అందులో 1,568 గ్రంథాలు, స్థలాల గురించిన 2,070 చిన్న రచనలు, 8,076 శాసనాల నకళ్లు లెక్కకొచ్చాయి. నాణేలే ఆరు వేలకు పైగా ఉన్నాయి. దక్షిణ దేశ భాషల కాగితాల్ని తర్వాత మద్రాసుకు తిప్పి పంపారు. అవి అక్కడ చేతులు మారి, చివరకు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.

మెకంజీ సేకరణ పనిని కొనసాగిస్తానని కావలి లక్ష్మయ్య ముందుకొచ్చాడు. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ, జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న కాలంలో, ఆ పనికి అతడి అర్హత చాలదని తోసిపుచ్చింది. ఇరవై ఏళ్ల పాటు ఆ సేకరణను చేతులతో కట్టినవాడిని పక్కన పెట్టిన ఆ నిర్ణయం తెలుగు చరిత్రకు చేసిన నష్టం చిన్నది కాదు. కలకత్తాలో జాబితా రాసిన పండితులకు కడప ఊళ్లు తెలియవు. లక్ష్మయ్యకు తెలుసు.

మద్రాసుకొచ్చిన కాగితాలు చెదలు పట్టి, పురుగు తిని చీకిపోతుంటే వాటిని నకళ్లు తీయించిన ఘనత చార్లెస్ ఫిలిప్ బ్రౌనుది. 1820లో కడపలో చిన్న ఉద్యోగిగా చేరి, అక్కడే తెలుగు మీద మనసు పడినవాడు. పండితుల్ని జీతాలకు పెట్టుకుని కావ్యాలు పరిష్కరింపజేసినట్టే, స్థానిక చరిత్రల్ని కూడా కొత్త కాగితం మీదికి ఎత్తించాడు. అనంతపురం హండె పాళెగాండ్ల చరిత్రను 1853లో ‘ది వార్స్ ఆఫ్ ది రాజాస్’ పేరుతో ఇంగ్లీషులో వేశాడు. రాజుల ప్రబంధాల కన్నా ఇలాంటి వాడుక వచనం తెలుగు నేర్చుకునేవాళ్లకు మేలని అతడి నమ్మకం.

అంటే ఈనాడు చూసే కైఫియత్తు తరచు మూలం కాదు. కవిలె మొదటిది. దాని నుంచి కరణం రాయించినది రెండోది. గుమస్తా శుభ్రం చేసి రాసింది మూడోది. బ్రౌను కాలపు నకలు నాలుగోది. ఒక్కో మెట్టులో ఒక అక్షరం జారే వీలుంది, ఒక అంకె తారుమారయ్యే వీలుంది. మూలం దొరకనప్పుడు రెండు నకళ్లనైనా పక్కపక్కన పెట్టి చూడడం మొదటి నియమం.

అక్షరం, అంకె, సంవత్సరం

ఆనాటి చేతిరాత ఈనాటి అచ్చు తెలుగు చదివేవారికి మొదట అడ్డం తిరుగుతుంది. మాటల మధ్య ఎడం ఉండదు, వాక్యం చివర చుక్క ఉండదు. తలకట్లు ఒకదానికొకటి అంటుకుని గొలుసులా సాగుతాయి. మాట మొదట్లో ఇ, ఎ, ఒలకు బదులు యి, యె, వొ రాస్తారు. హ్రస్వ దీర్ఘాల తేడా అన్నిచోట్లా పాటించరు. వలపలగిలక ఇంకో చిక్కు. పలికేటప్పుడు ముందుండే రకారాన్ని రాసేటప్పుడు వెనుక గిలకగా పెడతారు. కాబట్టి ‘ధర్మం’ చూడడానికి ‘ధమ’ పక్కన తొమ్మిది అంకె పెట్టినట్టు ఉంటుంది. పేరు పక్కన తొమ్మిది వరహాలు ఉన్నాయనుకుని చదివితే లెక్క మొత్తం తప్పుతుంది. పది పుటలు ఓపికగా అక్షరం అక్షరం ఎత్తి రాసుకుంటే ఆ లేఖకుడి చేయి పట్టుబడుతుంది. తర్వాత చదువు సాఫీగా సాగుతుంది. కానీ లేఖకుడు మారిన చోట మళ్లీ మొదటికి.

మాటల్లో సగం కచేరీవి. మౌజే, కసబా, తాలూకా, సముతు, జమాబందీ, సదరహీ, మజ్కూరు, ఇనాం, ఇజారా, అమీలు వంటివి గోల్కొండ, మొగలు, మరాఠా పాలనలు వదిలివెళ్లినవి. వీటి పక్కనే అచ్చమైన పల్లె మాటలు ఉంటాయి. నీరుగంటి, తలారి, పొలిమేర, గట్టు, మడుగు, దొరువు. ఒకే వాక్యంలో రెండూ కలిసి నడుస్తాయి. కచేరీకి రాసే చేయే ఊళ్లో మాట్లాడేదీ.

అంకెలు తెలుగు అంకెలే. భిన్నాలే వేరు. కరణాలు పదో వంతుల్లో లెక్క పెట్టలేదు. నాలుగో వంతు, అందులో నాలుగో వంతు, మళ్లీ అందులో నాలుగో వంతుగా దిగారు. పాతిక, వీసం అలా వచ్చినవే. వీసం అంటే పదహారో వంతు. ఒక్కో మెట్టుకు గీతలతో వేరే గుర్తులు ఉండేవి. ఆ గుర్తులు వాడుకలోంచి పోయి చాలా కాలమైనా, 2008లో యూనికోడ్‌లో వాటికి చోటు దొరికింది. భూమి విస్తీర్ణం కూడా తరచు గజాల్లో ఉండదు, విత్తనాల్లో ఉంటుంది. తూమెడు విత్తనాలు పట్టే చేను, పుట్టెడు పట్టే చేను అంటారు. పుట్టికి ఇరవై తూములు. తూము మాత్రం ఊరిని బట్టి మారేది. అందుకని ఒక ఊరి పుట్టిని ఇంకో ఊరి పుట్టితో నేరుగా పోల్చడం సరికాదు.

తేదీల పరీక్ష అన్నిటికన్నా ఆసక్తికరం, అన్నిటికన్నా పదునైనదీ అదే. కైఫియత్తు తరచు ఒకే సంఘటనకు శాలివాహన శకం, అరవై సంవత్సరాల చక్రంలో పేరు రెండూ ఇస్తుంది. పన్నుల సంవత్సరమైన ఫసలీ కూడా కలిస్తే మూడు లెక్కలు. శకానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే దాదాపు అదే. శకం 1734 ఆంగీరస, ఫసలీ 1222 అని ఉంటే మూడూ 1812 దగ్గర కలుస్తాయి, కాబట్టి ఆ తేదీ నమ్మదగింది. విజయనగరం ఓడిన రక్కసి తంగడి యుద్ధం 1565 జనవరిలో జరిగింది. ఉగాది ఇంకా రాలేదు కాబట్టి అది శకం 1486, రక్తాక్షి సంవత్సరం. 78 మాత్రమే కలిపి 1564 అనుకున్నవాళ్లు ఏడాది తప్పుతారు. హైదరు అలీ కడపను గెలిచిన వికారి సంవత్సరం శకం 1701, అంటే 1779-80.

శకం ఒకటి, సంవత్సరం పేరు ఇంకొకటి చెబితే ఏది నమ్మాలి? చాలాసార్లు పేరునే నమ్మాలి. అంకె నకలులో సులువుగా జారిపోతుంది. ఒకటి ఏడులా, ఏడు మూడులా మారిపోతుంది. ‘రక్తాక్షి’ని ‘వికారి’గా ఎవరూ తప్పు రాయరు. పైగా జనం గుర్తు పెట్టుకునేది కూడా పేరునే. పుట్టుకా చావూ కరువూ ఆ పేర్లతోనే చెప్పుకునేవారు. ఉన్న చిక్కల్లా, పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. ఏ వికారి అన్నది అక్కడి దొర పేరును బట్టి తేల్చుకోవాలి.

దేన్ని ఎంత నమ్మాలి

జిల్లా కైఫియత్తుల్లో చాలావాటి నడక ఒక్కటే. మొదట ఊరి పేరు వెనుక కథ, ముని తపస్సు, లింగ ప్రతిష్ఠ. తర్వాత విజయనగర రాయలు, వాళ్ల దానాలు, ఎత్తి రాసిన శాసనాలు. ఆపైన గోల్కొండ, మొగలులు, కడపను ఏలిన మయానా నవాబులు, మరాఠాలు, హైదరు, టిప్పు, నిజాం, చివర కంపెనీ. ఊరికి చుట్టూ ఉన్న పొలిమేర ఊళ్లు, కొండలు, వాగులు, పండే పంటలు, కొన్నిటిలో అడవి చెట్లూ జంతువులూ కూడా ఉంటాయి.

కంపెనీకి దగ్గరగా వచ్చే కొద్దీ రాత గట్టిపడుతుంది. 1810 నాటి కరణానికి హైదరు దండు రావడం ముప్పై ఏళ్ల కిందటి మాట. తను పిల్లవాడిగా చూసినది, తండ్రి చెప్పినది. శిస్తు ఎంత పెరిగిందో, ఏ గుంటలో నీళ్లు ఎండాయో చెబితే అది దాదాపు సాక్ష్యం. విజయనగర కాలానికి వెళ్తే కరణం చేతిలో రెండు ఆధారాలున్నాయి. గుళ్లో శాసనం, తాతముత్తాతల కవిలె. శాసనం ఉన్నచోట అతడి మాట బాగా నిలుస్తుంది. అంతకు ముందు కాలానికి పోతే కథే మిగులుతుంది.

గండికోటను దగ్గర నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. కోటను 1123లో కాకరాజు కట్టించాడనీ, అతడు కల్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడనీ అందరూ చెప్పుకుంటారు. ఆహవమల్లుడు 1068లోనే చనిపోయాడు. 1123లో కల్యాణిలో ఉన్నది అతడి కొడుకు ఆరో విక్రమాదిత్యుడు. కాబట్టి తేదీ తప్పు, లేదా రాజు పేరు తప్పు, లేదా రెండు వేర్వేరు జ్ఞాపకాలు కలిసిపోయాయి. ఇంతటితో ఆ మాట మొత్తం పారేయనక్కర్లేదు. ఆ ప్రాంతంలో చాళుక్యుల సామంతులు ఉన్నారన్న జ్ఞాపకం దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా నిలిచిందన్నది విలువైన సంగతే. కోట పుట్టిన తేదీగా దాన్ని బోర్డు మీద రాయడమే తొందరపాటు.

అదే కోటకు 1650 నాటి సంగతి వచ్చేసరికి పరిస్థితి వేరు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి కోట తీసుకున్నాడు. పొదిలి లింగన్న మోసం చేసి కోట దొర తిమ్మానాయుడికి విషం పెట్టించాడని ఇక్కడి సంప్రదాయం చెబుతుంది. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే స్వయంగా గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. గుళ్లలోని రాగి విగ్రహాల్ని కరిగించి ఫిరంగులు పోయించే ఫ్రెంచివాడు క్లాడ్ మాయిల్‌ను అక్కడ చూశాననీ, గండికోట పెద్ద గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదనీ రాశాడు. ఒకటి ఓడిన దొర పక్షం నిలిచిన ఊరి జ్ఞాపకం, ఇంకొకటి గెలిచినవాడికి సరుకు అమ్మవచ్చిన విదేశీయుడి రాత. కోట చేతులు మారిందని, గుళ్లు దెబ్బతిన్నాయని రెండూ ఒప్పుకుంటాయి. విషం సంగతి వర్తకుడికి తెలియదు, ఫిరంగుల పోత పల్లె కథకు పట్టలేదు. రెండూ కలిపి చదివితేనే ఆ రెండేళ్లు కళ్లకు కడతాయి.

వీటన్నిటి మీద తుది తీర్పు రాయిదే. వి. రంగాచార్య 1919లో మద్రాసు ప్రెసిడెన్సీ శాసనాల స్థలవారీ పట్టిక వేసినప్పుడు కడప జిల్లాకు మెకంజీ కాగితాల్ని విరివిగా వాడుకున్నాడు. ఆ గుమస్తాలు ఎత్తి రాసిన శాసనాల్లో కొన్నిటి రాళ్లు తర్వాత పగిలాయి, కొన్ని గోడల్లో కలిశాయి. అలాంటి చోట కైఫియత్తులో ఉన్న నకలే శాసనానికి మిగిలిన ఏకైక రూపం. రాయి ఇంకా నిలిచి ఉన్నచోట రెండూ పోల్చి, ఆ గుమస్తా ఎంత నికరంగా ఎత్తి రాశాడో తూచవచ్చు. తూచిన కొలతను అతడు నకలు తీసిన మిగతా శాసనాలకు అన్వయించవచ్చు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో ప్రభుత్వం వెలువరించిన కడప జిల్లా శాసన సంపుటాలు ఈ పోలికకు చేతికందే సాధనం.

పోలికకు ఐరోపాను చూస్తే, అక్కడ ఊరి రికార్డు చదివే పద్ధతి వేరు దారిలో పెరిగింది. పోలండులోని క్రాకోవ్ నగరానికి 1300 నుంచి పట్టణ పుస్తకాలు ఉన్నాయి. ఇంటి అమ్మకం, అప్పు, వీలునామా, పట్టణ సభ నిర్ణయం జరిగినప్పుడల్లా లేఖకుడు లాటిన్‌లోనో జర్మన్‌లోనో దానిలో ఎక్కించేవాడు. అందుకే అక్కడి పరిశోధకుడికి ముఖ్యమైన ప్రశ్న, ఏమి రాయకుండా వదిలేశారన్నది. కైఫియత్తు అలా రోజువారీగా పెరిగింది కాదు. ఎన్నో తరాల లెక్కను ఒక్కసారి కూర్చుని కుదించి రాసినది. ఇక్కడ ముందు అడగవలసింది, ఏది ఎప్పుడు తెలిసి రాశారన్నది. పోగొట్టుకోవడంలో మాత్రం రెండు దేశాలదీ ఒకే బాధ. 1944 సెప్టెంబరులో వార్సాలోని పాత పత్రాల కేంద్ర అభిలేఖాగారాన్ని నాజీ సైన్యం తగలబెట్టింది. అందులో చాలా భాగం బూడిదైంది. కడప సీమలో కవిలెలు ఒక్క రోజులో కాలిపోలేదు. అటకల మీద చెదలకూ వానకూ కొంచెం కొంచెంగా పోయాయి.

ఎవరు చదివారు, ఇంకా ఏం మిగిలింది

విజయనగర చరిత్ర రాసిన నేలటూరు వేంకటరమణయ్య కైఫియత్తుల్ని గట్టిగా నమ్ముకున్నవారిలో ఒకరు. కె.ఎ. నీలకంఠశాస్త్రితో కలిసి 1946లో మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున వెలువరించిన విజయనగర ఆధారాల సంపుటాల్లో స్థానిక చరిత్రల భాగాలు ఎన్నో చేర్చారు. టి.వి. మహాలింగం 1976లో తెలుగు, కన్నడ, మరాఠీ మెకంజీ కాగితాల సారాంశాలు అచ్చువేయించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో తెచ్చిన పుస్తకం చర్చను మలుపు తిప్పింది. దక్షిణ దేశంలో చరిత్ర రాయడం ఇంగ్లీషువాళ్లతో మొదలు కాలేదని, కరణాల వచనంలో అది ముందే ఉందని వాళ్లు వాదించారు. కైఫియత్తులు చదివినవారికి ఆ వాదనలో బలం తెలుస్తుంది. కరణం ‘అంటారు’ అని రాసిన చోట, ‘శాసనంలో ఉంది’ అని రాసిన చోట తేడా తెలిసే రాశాడు.

జిల్లా పాఠకుడికి అసలైన మేలు చేసింది కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో బ్రౌన్ పేరిట గ్రంథాలయంగా మొదలై, ప్రస్తుతం యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప జిల్లా మెకంజీ కైఫియత్తుల్ని సంపుటాలుగా అచ్చులోకి తెచ్చింది. చెన్నైకి పోయి గొలుసుకట్టు రాతతో కుస్తీ పట్టనవసరం లేకుండా, పెద్ద ఊళ్ల కథలతో పాటు చిన్న పల్లెలవీ ఇంట్లో కూర్చుని చదువుకునే వీలు కలిగింది. పరిశోధకుడు మాత్రం అచ్చుతో ఆగకూడదు. సందేహం వచ్చిన ప్రతి అంకెకూ చేతిరాత ప్రతిని చూడాలి.

కరణాల చేతిలోనే ఉండిపోయిన రికార్డులది వేరే కథ. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతో వంశపారంపర్య కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. వాడుకలో ఉన్న అడంగలు, పది ఒకటి రిజిస్టర్ల వంటివి కొత్త ఉద్యోగులకు వెళ్లాయి. అప్పటికే పనికిరాని పాత తాటాకులు, కడితాలు, మరాఠీ రాసే మోడీ లిపిలోని కాగితాలు ఇళ్లలో ఉండిపోయాయి. కొన్ని పొయ్యిలకు, కొన్ని పాత సామాను కొనేవాళ్లకు పోయాయి. అవి ఇంకా ఉన్న ఇళ్లలో చేయవలసిన పని కష్టమైనది కాదు. తాటాకుకు నూనె రాయడం, కడితాన్ని తడిగుడ్డతో తుడవడం, చిరిగిన కాగితానికి టేపు అంటించడం చేయకూడదు. కడితాన్ని తుడిస్తే అక్షరం పోతుంది. ఉన్న వరుస మార్చకుండా, పగటి వెలుతురులో, పక్కన ఒక కొలబద్ద పెట్టి ప్రతి ఆకునూ రెండు వైపులా ఫోటో తీయాలి. ఏ ఊరిది, ఏ ఇంటి నుంచి వచ్చింది, కట్టలో ఎన్నో ఆకు అన్నది వెంటనే రాసుకోవాలి. ఊరు తెలియని ఆకు చదవగలిగినా సగం మూగదే.

కైఫియత్తుల్లో చిలమకూరు వంటి ఊరిని వెతుక్కోవాలనుకునేవారు ఇప్పటి మండలం పేరుతో కాక, అప్పటి తాలూకా, సముతు పేర్లతో వెతకాలి. ఊరి పేరు కూడా అక్షరాలు కొంచెం మారి ఉండొచ్చు. తమ ఊరికి విడిగా కైఫియత్తు దొరకకపోతే పొలిమేర ఊళ్లవి చదవాలి. హద్దులు చెప్పేటప్పుడు పక్క ఊరి చెరువు, కాలువ, గుట్ట పేరు తప్పక వస్తాయి, వాటితో తమ ఊరి మ్యాపు గీయడం మొదలవుతుంది.